కంచె పక్కన నీలం కారు

షికాగో
22 మే 1983

అక్కా,

ఎలా ఉన్నావు? మోకాలి నొప్పి తగ్గిందా, లేక దాన్ని కూడా బైబిలు వాక్యం చదివి బెదిరిస్తున్నావా? నేను బాగానే ఉన్నాను. బస్సు డిపోలో పని మానేసి ఏడాది దాటినా చేతులకి ఆ గ్రీజు వాసన ఇంకా వదల్లేదు. ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఇక్కడ ఫోను మెట్ల కింద ఉంటుంది. నేను హలో అనగానే మా ఇంటి ఓనరు మిసెస్ గ్రిగ్స్‌కి సరిగ్గా ఆ మెట్లే ఊడ్చాల్సిన పని పడుతుంది.

సంగతేమిటంటే, మీ మంగలి షాపు టబ్స్ నిన్న ఫోన్ చేశాడు. వేసవి శనివారాల్లో మీ ఊరి పార్కులో కచేరీలు పెట్టించేది ఆయనేనట కదా. జులై తొమ్మిదిన వచ్చి వాయించమన్నాడు. "ఇన్నేళ్ళూ షికాగో వాళ్ళ చెవుల తుప్పు వదలగొట్టింది చాలు, ఇక మావీ కాస్త చూడు బాబూ" అన్నాడు. మన చిన్నప్పుడు ఆ పార్కు గేటు దగ్గర నిలబడితేనే కాపలావాడు మనల్ని పొమ్మని చెయ్యి విదిలించేవాడు. అప్పట్లో అది తెల్లవాళ్ళ పార్కు, మన నల్లవాళ్ళకి కాదు. ఇప్పుడు ఆ గడ్డి మధ్యలో వేదికెక్కి నేను బ్లూస్ పాడతానట. అమ్మ ఉంటే నమ్మేది కాదు.

అక్కా, నేను డిట్రాయిట్‌లో వాయించాను, సెయింట్ లూయిస్‌లో వాయించాను, ఒకసారి కెనడా కూడా వెళ్ళొచ్చాను. ఎవరెవరో విన్నారు. నువ్వు ఒక్కసారి కూడా వినలేదు. చిన్నప్పుడు నేను గిటారు తీస్తే చాలు, నీకు వంటింట్లో పని గుర్తొచ్చేది. ఈసారి మడత కుర్చీ వేసుకుని ముందు వరుసలో కూర్చో. నేను వాయిస్తూ తలెత్తితే నీ మొహం కనబడాలి. ఇంకేం అడగను.

ఆ రాత్రి మీ ఇంట్లోనే పడుకుని ఆదివారం పొద్దున్నే టై కట్టుకుని నీతో చర్చికి వస్తాను. ఇది బేరం కాదు, ప్రేమ. బేరమనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

నీ తమ్ముడు
థియోడిస్


హార్లోవిల్, మిసిసిపి
2 జూన్ 1983

ఒరే థియోడిస్,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరంలో చర్చికి వస్తానన్న ముక్క పక్కింటి వెల్మాకి చదివి వినిపించాను. మిగతాది వినిపించలేదు.

నాన్నా, నేను సంఘంలో పెద్దావిడలకి వేసే తల్లుల బల్ల మీద కూర్చునే మనిషిని. మొదటి ఆదివారం తెల్లబట్టలు వేసుకుని ముందు వరుసలో కూర్చుంటే సంఘమంతటి కళ్ళూ నా వీపు మీదే ఉంటాయి. మొన్న పాస్టరుగారు బ్లూస్ సైతాను పాటలంటూ బల్ల గుద్ది మరీ చెప్పారు, "శనివారం ఆ పార్కులో ఊగిన తల ఆదివారం ప్రభువు ముందు ఎట్టా వంగుద్దమ్మా?" అని. తల్లులందరం ఆమేన్ అన్నాం. అందరికంటే గట్టిగా అన్నది నేనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ గడ్డిలో కుర్చీ వేసుకోమంటావు?

నువ్వు రావద్దని కాదు. నీ గదిలో పక్క దులిపి కొత్త దుప్పటి పరిచాను. మొక్కజొన్న పిండి పట్టించి జెల్ల చేపలు వేయిస్తాను. చిలగడదుంపతో నీకిష్టమైన తీపి 'పై' కూడా కాలుస్తాను. షికాగోలో నువ్వు తినేవి తిండి కాదని నీ ఫోటో చూస్తేనే తెలుస్తోంది, మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు.

ఇంకో మాట. వేసవిలో శనివారం సాయంత్రాలు నేను గాలి కోసం కారులో అలా బయటికి వెళ్తుంటాను. ఇల్లు ఉడికిపోతుంది మరి. నువ్వు వచ్చేసరికి తాళం వేసి ఉంటే కంగారు పడకు. తాళంచెవి పుదీనా కుండీ కింద ఉంటుంది.

టమాటాలు ఈ ఏడు విరగకాశాయి. వెల్మా మళ్ళీ కొత్త టోపీ కొంది. ఆ టోపీ వెనక కూర్చున్నవాళ్ళకి పాస్టరుగారు కనబడరు, గొంతు మాత్రమే వినబడుతుంది.

నీ అక్క
అర్లీథా


షికాగో
14 జూన్ 1983

అక్కా,

కారులో ఊరంతా గాలికి తిరగడానికి అడ్డురాని మోకాలు, పార్కు దాకా రావడానికి అడ్డొస్తుందా? సరే, మోకాలు కాదు, పాస్టరుగారు అడ్డు. అర్థమైంది. బలవంతపెట్టను.

కొత్త పాట ఒకటి కట్టాను. అమ్మ మీద. ఇతరుల బట్టలు ఇస్త్రీ చేసి చేసి అరచేతులు కాయలు కాచేవి, గుర్తుందా? పెట్టె వేడిగా ఉందో లేదో చూడ్డానికి వేలు నాలుక మీద తడుపుకుని తాకించేది, సుయ్‌మని చప్పుడొచ్చేది. పాటలో గిటారుతో ఆ చప్పుడు తెప్పించాను. ఎవరికీ ఇంకా వినిపించలేదు. మొదట అక్కడే పాడదామని దాచుకున్నాను.

డ్రమ్ములు వాయించే యూస్టెస్ వ్యాన్‌లో వస్తాం. చేపలు ఎక్కువ వేయించు, వాడిది కడుపు కాదు, చెరువు.

థియోడిస్


హార్లోవిల్
11 జులై 1983

థియోడిస్,

ఏమైందిరా నీకు?

శనివారం చేపలు వేయించి, పళ్ళేలు పెట్టి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీధిలో ఏ బండి చప్పుడైనా నువ్వే అనుకుని లేవడం, మళ్ళీ కూర్చోవడం. చివరికి టబ్స్ వచ్చి చెప్పాడు. "అమ్మా, మీ తమ్ముడు మూడు పాటలు పాడాడు. గిటారు పెట్టెలో పెట్టేసుకున్నాడు. 'వాళ్ళ అభిప్రాయం నాకు తెలిసింది, టబ్స్' అని వ్యాన్ ఎక్కేశాడు. నేను వెనకాల పరిగెత్తినా ఆగలేదు" అన్నాడు. ఎవరి అభిప్రాయం? ఏం తెలిసింది? ఒంట్లో బాగాలేదా? ఎవరైనా ఏమైనా అన్నారా? అంటే వాళ్ళ పేరు చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను.

ఆదివారం నా పక్కన నీ కోసం చోటు ఉంచాను. ఆరాధన అయ్యేదాకా అది ఖాళీగానే ఉంది. చేపలు వెల్మా వాళ్ళకి ఇచ్చేశాను. ఉప్పు తక్కువైందంది. నా ఏడుపు నాది, దాని నాలుక దానిది.

వెంటనే రాయి.

అర్లీథా


షికాగో
19 జులై 1983

అక్కా,

పేరు చెప్పమన్నావు కదా, చెప్తాను.

వేదిక ఎక్కేసరికి గడ్డిలో కుర్చీలు వేసుకున్నవాళ్ళు సంతోషంగానే ఉన్నారు. వాళ్ళకి అవతల, కంచె పొడుగునా ఒక వరస కార్లున్నాయి. అన్నీ వేదికకి వీపు పెట్టి నిలబడ్డాయి. మొదటి పాట అవగానే ఆ వరసలోంచి ఒక హారన్ మోగింది. పొరపాటున నొక్కారనుకున్నాను. రెండో పాటకి నాలుగైదు మోగాయి. మూడోది అమ్మ పాట. అది అయ్యీ అవకముందే కంచె మొత్తం ఒక్కసారిగా హోరెత్తింది. వీపు తిప్పుకుని, హారన్లు కొట్టి! షికాగోలో వెనక బండివాడు అలా కొట్టాడంటే ఒకటే అర్థం, దారి వదిలి పొమ్మని. నేను పోయాను.

ఆ హారన్లలో ఒకటి అసలు ఆగలేదు. మిగతావన్నీ ఆగాక కూడా మోగుతూనే ఉంది. ఎవరా అని చూశాను. నీలం కారు. వెనక అద్దంలో ఊదారంగు టోపీ పెట్టి ఉంది. ఆ కారు నాకు తెలుసు. బావ కొన్నప్పుడు మీరిద్దరూ దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో నా గోడ మీదే ఉంది.

పార్కులో అడుగు పెట్టనంటే ఒప్పుకున్నాను. ఇంట్లో కూర్చుని నా కోసం ప్రార్థన చేసుకున్నా పడేవాణ్ణి. ఊరందరి ముందూ, అదీ అమ్మ పాటకి, నన్ను దింపెయ్యడానికి కారేసుకుని రావాలా? పాస్టరుగారు సంతోషించారా?

చేపల విషయంలో మాత్రం నన్ను క్షమించు. దారి పొడుగునా యూస్టెస్ నన్ను తిడుతూనే ఉన్నాడు.

థియోడిస్


హార్లోవిల్
26 జులై 1983

ఒరే పిచ్చివాడా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత కూర్చుండిపోయాను. నువ్వు ఈ ఊరు వదిలి చాలా కాలమైందని నేనే మర్చిపోయాను.

చూడు, ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతులు కొన్నుంటాయి. తెలిసినా ఎవరూ పైకి అనరు. అంటే చెడిపోతాయి. కాబట్టి నేను చెప్పగలిగింది ఇంతే. నేను కచేరీకి రాలేదు. గాలికి వెళ్ళాను. కారు కంచె పక్కన ఆగింది. నేను కారులో ఉన్నాను. ఆ హారన్ తిట్టు కాదు, ఒట్టు. మోచెయ్యి తగిలింది.

ఇంతకంటే కాగితం మీద పెట్టలేను. ఇక్కడి పోస్టాఫీసులో ఉత్తరాలు చూసేది వెల్మా కూతురు. అది కవరు పైనుంచే లోపలి సంగతి పట్టేస్తుంది. అర్థం చేసుకో.

వాన పడింది. బెండకాయలు నిలువునా ఎదుగుతున్నాయి. నువ్వు రక్తపోటు మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?

నీ అక్క
అర్లీథా


షికాగో
3 ఆగస్టు 1983

అక్కా,

మోచెయ్యి తగిలింది. నీ ఒక్కదానిదేనా, కంచె పొడుగునా అందరి మోచేతులూనా? అదీ సరిగ్గా పాట అయిన క్షణంలోనా?

అబద్ధం చెప్పడం నీకెప్పుడూ చేతకాలేదు. ఇంకెప్పుడూ ప్రయత్నించకు.

టబ్స్ మళ్ళీ ఫోన్ చేశాడు. సెప్టెంబరు మూడున ఈ వేసవికి ఆఖరి కచేరీ అట, రమ్మన్నాడు. రానన్నాను. ఎందుకన్నాడు, కారణం చెప్పలేదు. గిటారు మంచం కింద పెట్టాను. యూస్టెస్ వారం నుంచి వచ్చి తలుపు కొడుతున్నాడు, నేను తియ్యడం లేదు. నీ మీద కోపం ఎక్కువసేపు నిలవదు, అది నీకు తెలుసు. ఇది కోపం కాదు. తీగ మీద చెయ్యి పెడితే ఆ హారన్ వినిపిస్తోంది, అంతే. నువ్వేం దిగులు పడకు. మందులు వేసుకుంటున్నాను.

థియోడిస్


హార్లోవిల్
9 ఆగస్టు 1983

తమ్ముడూ,

వెల్మా కూతురు చదువుకుంటే చదువుకోనీ. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సంఘంవాళ్ళం కచేరీకి వెళ్ళకూడదు. కానీ వేసవి సాయంత్రం కారులో కూర్చుని గాలి పీల్చుకోకూడదని ఏ వాక్యంలోనూ లేదు. దీన్ని మొదట కనిపెట్టినవాడు మా సంఘపెద్ద డీకన్ మిమ్స్. కంచె పక్కన కారు ఆపి, వేదికకి వీపు పెట్టి, అద్దాలు దించుకుని కూర్చున్నాడు. ఎవరైనా అడిగితే ఎదురుగా పత్తి చేను చూస్తున్నానంటాడు. తర్వాతి వారానికి రెండు కార్లయ్యాయి. ఇప్పుడు ఆలస్యంగా వెళ్తే చోటు దొరకదు. ఒకళ్ళనొకళ్ళం చూసుకోం. ఆదివారం దాని ఊసెత్తం.

పాట బాగుంటే చేతులు ఊరుకోవు కదరా. కానీ చప్పట్లు ప్రభువుకి కొట్టేవి. అవి పట్టుకెళ్ళి బ్లూస్‌కి కొట్టడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. అందుకని హారన్. చిన్నగా ఒకసారి నొక్కితే బాగుందని. గట్టిగా నొక్కితే చాలా బాగుందని. కంచె మొత్తం ఒకేసారి మోగడం, థియోడిస్, ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. మెంఫిస్ నుంచి పేరున్నవాళ్ళు వచ్చారు, వాళ్ళకీ మోగలేదు. నీకే మోగింది.

నా హారన్ సంగతి. మోచెయ్యి కాదు. నువ్వు గిటారులో ఆ సుయ్‌మనే చప్పుడు చేశావే, తడివేలు ఇస్త్రీ పెట్టెకి తాకించిన చప్పుడు. నాకు అమ్మ కనబడింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. నా నుదురు హారన్ మీద ఉందని నాకే తెలియలేదు. పక్క కారులోంచి మిమ్స్ దిగొచ్చి భుజం తట్టి, "అమ్మా, తల కాస్త పక్కకి జరుపు" అంటే తేరుకున్నాను. అప్పటికి నువ్వు వేదిక దిగిపోతున్నావు. ఇంటికే వస్తున్నావనుకుని, చేపలు వేయించాలని, నేను నీకంటే ముందు చేరాలని కారు తోలుకుంటూ వచ్చేశాను.

టబ్స్‌కి ఫోన్ చెయ్యి. సెప్టెంబరుకి రా. నేను నిన్ను బతిమాలడం ఇదే మొదటిసారి, గుర్తుపెట్టుకో.

అక్క


షికాగో
17 ఆగస్టు 1983

అక్కా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. మిసెస్ గ్రిగ్స్ చీపురుతో వచ్చి, "ఏమయ్యా, ఎవరైనా పోయారా?" అంది. నవ్వుతున్నానని ఆవిడ అనుకోలేదంటే నా మొహం ఎలా ఉందో నువ్వే ఊహించుకో.

గిటారు బయటికి తీశాను. యూస్టెస్‌కి తలుపు తీశాను. టబ్స్‌కి ఫోన్ చేశాను. "నువ్వు పుట్టింది ఇక్కడేనా అని నాకు అనుమానంగా ఉందయ్యా. హారనంటే ఏంటో తెలీకుండా ఎట్టా పెరిగావు?" అన్నాడు. మేం పెరిగినప్పుడు మాకు కార్లెక్కడివి టబ్స్, అన్నాను.

ఒక్కటి చెప్పనీ. హారన్ సంగతి అర్థమైంది. కానీ వేదిక మీంచి నాకు కనబడేవి కార్ల వీపులు. చిన్నప్పుడు వంటింట్లోకి వెళ్ళిపోయేటప్పుడు నీ వీపు చూశాను, మొన్నా అదే చూశాను. నిన్ను గడ్డిలోకి రమ్మనను, నీ బల్ల మీద నీ చోటు పోగొట్టుకోమనను. నీ కారు ఒక్కటీ ఇటు తిప్పు. అద్దంలోంచి నీ మొహం చూసుకుంటాను. వీలుకాకపోతే వద్దులే.

నీ తమ్ముడు
థియోడిస్


షికాగో
8 సెప్టెంబరు 1983

అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన చిలగడదుంప 'పై' మొత్తం దారిలోనే యూస్టెస్ పాలైంది.

ఎంత చిత్రమైన మనుషులం మనం! శనివారం అంత జరిగితే, ఇంటికొచ్చి చేపలు తిన్నాం, బెండకాయల గురించి మాట్లాడుకున్నాం. ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చున్నాం. దాని గురించి ఒక్క మాట నువ్వు అనలేదు, నేను అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఎక్కేసరికి కంచె పక్కన అన్నీ వీపులే, నీ కారు తప్ప. అది ఒక్కటీ నా వైపు తిరిగి ఉంది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో యూస్టెస్ డ్రమ్మునడుగు. కానీ పొద్దు వాలే వేళ కదా, ఎండంతా నీ అద్దం మీదే పడింది. నీ మొహం ఉండాల్సిన చోట ఒట్టి మెరుపు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాను, కనబడలేదు. పోనీలే, తిప్పింది, అది చాలు అనుకుని అమ్మ పాట మొదలుపెట్టాను.

పాట సగంలో కారు తలుపు చప్పుడైంది. నువ్వు దిగావు. ఊదారంగు టోపీ సర్దుకుని, కారు ముందుకొచ్చి, కంచె పట్టుకుని నిలబడ్డావు. నేను ఒక చరణం మర్చిపోయి పాడిందే పాడాను. ఎవరూ గమనించలేదనుకుంటా, అందరూ నిన్నే చూస్తున్నారు.

పాట అయింది. ఒక్క హారనూ మోగలేదు. నీ చెయ్యి వెనక్కి, కారు కిటికీ వైపు వెళ్ళడం చూశాను. హారన్ అందలేదు. నువ్వు అటూ ఇటూ చూశావు. తర్వాత చప్పట్లు కొట్టావు. పార్కు మొత్తానికి నీ రెండు చేతుల చప్పుడే. గడ్డిలోవాళ్ళు అందుకున్నారు, తర్వాత హారన్లూ మోగాయి, కానీ నేను విన్నది ముందు మోగినదే.

అక్కా, దీనికి చర్చిలో నీకేమైనా ఇబ్బంది వచ్చిందా? దాచకు. నీకు అబద్ధం చేతకాదని ముందే చెప్పాను.

థియోడిస్


హార్లోవిల్
15 సెప్టెంబరు 1983

తమ్ముడూ,

వందనాలు. దాచను.

నువ్వు వెళ్ళాక ఆ మంగళవారమే పాస్టరుగారు పిలిపించారు. డీకన్లు కూడా ఉన్నారు. మిమ్స్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. పాస్టరుగారు, "అర్లీథమ్మా, మీరు పార్కులో చప్పట్లు కొట్టారని అంటున్నారు. నిజమేనా?" అన్నారు. "నిజమేనండీ" అన్నాను. "మీరు అక్కడికి ఎందుకెళ్ళారమ్మా?" అన్నారు. "మా తమ్ముడి పాట వినడానికెళ్ళానండీ" అన్నాను. గాలికని అనలేదు. కంచె పక్కన నా కారుకి అటువైపు మూడో కారు, బూడిదరంగుది, ఎవరిదో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు నాకు తెలుసని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. నేను నోరెత్తలేదు. పాపం, ఆయన కూడా హారన్ కొట్టినవాడే.

చివరికి, కొంతకాలం తల్లుల బల్ల వదిలి వెనక కూర్చోమన్నారు. ఎంతకాలమో చెప్పలేదు, నేను అడగలేదు. తెల్లబట్టలు మడతపెట్టి బీరువాలో పెట్టాను. ఆ రాత్రి ఏడ్చాను, అది కూడా దాచను. ఆ చోటు నాకు ఊరికే రాలేదు.

ఆదివారం వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాను. నువ్వు ఎప్పుడైనా రావాలంటే అక్కడికే రా, గాలి బాగా వస్తుంది. గాయకబృందం లేచి పాడింది. చాలా బాగా పాడారు. నేను చప్పట్లు కొట్టబోయి ఒక్క క్షణం ఆగాను. ఈ చేతులతోనే కదా ఆ శనివారం నీకు కొట్టాను, ఇప్పుడు ప్రభువుకి కొడితే తేడా వస్తుందేమోనని భయం వేసింది.

కొట్టాను. చెవులు పెట్టి విన్నాను, థియోడిస్. ఏ తేడా లేదు.

నీ అక్క
అర్లీథా